యూరపు వ్యంగ్య ముద్రాచిత్రాలను చదవడం – ఐదవ పాఠం: రేకు వయసు, కాగితం వయసు

నాలుగవ పాఠం చివర ఇంగ్లిష్ చిత్రకారుడు విలియం హోగార్త్ ముద్రాచిత్రం ‘జిన్ లేన్’ను ఇచ్చి, బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైటులో మీరు చూస్తున్న ప్రతి ఎప్పటిదని ఒక్క ప్రశ్న అడిగాను. వచ్చిన జవాబులలో దాదాపు అన్నీ 1751 అనే చెప్పాయి. బొమ్మ కింద 1751 ఫిబ్రవరి 1 అని చెక్కి ఉండగా ఇక ఆలోచించవలసినదేముందని కొందరు ఎదురు ప్రశ్న కూడా వేశారు. ఒకరు మాత్రం 1868 అని రాశారు. వారి సంగతి కాసేపట్లో చూద్దాం. ఈ పాఠంలో స్పెయిన్ చిత్రకారుడు గోయా అక్వాటింటును (గీతలతో కాక రేకు గరుకుతనంతో నీడలు తెచ్చే పద్ధతిని) మొదలుపెట్టాలని అనుకున్నాను గాని, ఈ పొరపాటును ఇక్కడ సరిచేసుకోకుండా ముందుకు వెళితే గోయా దగ్గర మరింత లోతున పడతాము. కనుక గోయాకు ఈసారి చివర కాస్త చోటు మాత్రమే దొరుకుతుంది.

రాగిరేకు మీద మైనపు పూత పూయడం, సూదితో గీయడం, ఆమ్లంలో ముంచడం, సిరా పట్టించి తుడవడం, తడి కాగితం పరచి రోలరు యంత్రం కింద నొక్కడం రెండవ పాఠంలో అయిపోయాయి కనుక మళ్ళీ చెప్పను. అప్పుడు నేను నొక్కి చెప్పవలసి ఉండి చెప్పకుండా వదిలేసిన మాట ఒకటుంది. రేకు తయారైన రోజు వేరు, ఆ రేకు మీది నుంచి మీ ముందున్న కాగితం దిగిన రోజు వేరు. ఈ రెండింటి మధ్య ఒక గంట తేడా ఉండవచ్చు, డెబ్భై ఏళ్ల తేడా ఉండవచ్చు.

మీ తాతగారు 1962లో రిజిస్టరు చేయించిన దస్తావేజుకు మీరు మొన్న సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు తీసుకున్నారనుకోండి. నకలులో 1962 అనే ఉంటుంది. అది చూసి ఆ కాగితం 1962 నాటిదని ఎవరూ అనరు. బొమ్మ దగ్గరకు వచ్చేసరికి అదే మనిషి ఎందుకు అంటాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బొమ్మ కింది తేదీ ఎందుకు మారదో తెలిస్తే ఈ తప్పు మళ్ళీ జరగదు. హోగార్త్ తన మొదటి పెద్ద వరుస ‘హార్లట్స్ ప్రోగ్రెస్’ ఆరు చిత్రాలను 1732లో అమ్మకానికి పెట్టగానే లండన్‌లోని ముద్రణ దుకాణాలు వాటిని చూసి చెక్కి, చవకగా అమ్ముకున్నాయి. దానితో విసిగిన హోగార్త్, తోటి చిత్రకారులతో కలిసి పార్లమెంటును ఆశ్రయించి, చెక్కిన చిత్రాలకు పద్నాలుగేళ్ల హక్కునిచ్చే చట్టాన్ని సాధించాడు. అది 1735 జూన్ 25న అమలులోకి వచ్చింది. తన ‘రేక్స్ ప్రోగ్రెస్’ ఎనిమిది చిత్రాలను ఆ రోజు దాకా బిగబట్టి ఉంచాడంటే ఆ చట్టం మీద ఆయన ఎంత ఆశ పెట్టుకున్నాడో ఊహించవచ్చు. ఆ చట్టం ప్రకారం హక్కుదారుని పేరు, మొదటిసారి ప్రచురించిన తేదీ ప్రతి రేకు మీదా చెక్కి ఉండాలి. పద్నాలుగేళ్ల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది. ‘పార్లమెంటు చట్టం ప్రకారం ప్రచురితం’ అనే ఆ కింది పంక్తి న్యాయస్థానంలో చూపించుకోవడానికి చెక్కినది. ఆ రేకుతో ఎన్నేళ్ల తరువాత ముద్రించినా పంక్తి అదే ఉంటుంది. కాగితం వయసు అడిగితే అది జవాబు చెప్పలేదు.

తేదీ మారకుండా బొమ్మే మారిపోయిన సందర్భాలు హోగార్త్‌లోనే ఉన్నాయి. ‘జిన్ లేన్’కు జంటగా అదే రోజు తేదీతో వెలువడిన ‘బీర్ స్ట్రీట్’ తొలి ప్రతులలో ఒక దృఢకాయుడైన కమ్మరి ఒక బక్కపలచని ఫ్రెంచివాడిని గాలిలోకి ఎత్తి పట్టుకుని ఉంటాడు. తరువాతి దశలో ఆ ఫ్రెంచివాడు మాయమై కమ్మరి చేతికి మాంసపు తునక వచ్చింది, పక్కన పనిమనిషితో సరసమాడే రోడ్డుపనివాడు చేరాడు. రాగిని గీకి, వెనుక నుంచి సుత్తితో తట్టి చదునుచేసి, అదే చోట కొత్త గీతలు గీయవచ్చునని మరచిపోకండి. ఫ్రెంచి వ్యతిరేకతే ఈ చిత్రంలోని వ్యంగ్యమని రాసే విద్యార్థి ముందు రెండవ రకం ప్రతి ఉంటే, ఆ వ్యాసానికి ఆధారమైన మనిషే బొమ్మలో లేడన్నమాట.

ఇంతకంటె తేలికైన ఉదాహరణ ‘రేక్స్ ప్రోగ్రెస్’లోని ఎనిమిదవ చిత్రం. ఆస్తి తగలేసిన టామ్ రేక్‌వెల్ చివరికి బెడ్లం పిచ్చాసుపత్రిలో అర్ధనగ్నంగా నేల మీద పడి ఉంటాడు; వేడుక చూడటానికి వచ్చిన ఇద్దరు సంపన్న స్త్రీలు వెనుక నిలబడి ఉంటారు. కింద 1735 అని ఉన్నా, వెనుక గోడ మీద బ్రిటానియా (బ్రిటన్ దేశానికి ప్రతీకైన స్త్రీమూర్తి) ముద్ర ఉన్న పెద్ద నాణెం, దాని మీద 1763 అని కనిపిస్తే, మీరు చూస్తున్నది హోగార్త్ తన మరణానికి ఏడాది ముందు దిద్దిన దశ. దేశమంతా పిచ్చాసుపత్రి అయిందని ఆయన ఆ ముసలితనంలో అదనంగా చేర్చిన మాట అది. 1735 నాటి వ్యంగ్యంలో ఆ మాట లేదు.

1764లో హోగార్త్ మరణించాక రేకులు భార్య జేన్ చేతికి వచ్చాయి. 1767లో పార్లమెంటు హక్కు కాలాన్ని ఇరవై ఎనిమిదేళ్లకు పెంచుతూ, జేన్‌కు ప్రత్యేకంగా మరో ఇరవై ఏళ్లు ఇచ్చింది. ఆమె ఇంటి నుంచే ప్రతులు అమ్మి బతికింది. 1789లో ఆమె మరణించాక రేకులు జాన్ బాయ్‌డెల్ దుకాణానికి చేరాయి. 1822లో జేమ్స్ హీత్ వాటికి మరమ్మతు చేయగా మరోసారి పెద్ద సంపుటంగా వెలువడ్డాయి. వీటన్నిటిలోనూ ‘జిన్ లేన్’ కింద 1751 ఫిబ్రవరి 1 అనే ఉంటుంది.

ఇక 1868 అని రాసినవారి సంగతి. వారు మ్యూజియం రిజిస్టరు సంఖ్య మొదట్లో ఉన్న నాలుగంకెలను తీసుకున్నారు. బ్రిటిష్ మ్యూజియంలో ఆ అంకెలు సాధారణంగా ఆ వస్తువు సేకరణలో చేరిన సంవత్సరాన్ని చెబుతాయి. ఎడ్వర్డ్ హాకిన్స్ జీవితమంతా పోగుచేసిన వ్యంగ్యచిత్రాలను మ్యూజియం కొన్న ఏడాదీ, ఫెలిక్స్ స్లేడ్ రాసి ఇచ్చిన ముద్రాచిత్రాలు చేరిన ఏడాదీ 1868 కావడం వల్ల, ఈ సంఖ్య మీకు మాటిమాటికి ఎదురవుతుంది. జవాబు తప్పే. అయితే రేకు తేదీ కాక ఇంకొక తేదీ కూడా ఉంటుందని పసిగట్టినది ఆ ఒక్కరే కనుక, నా దృష్టిలో అందరికంటె ఎక్కువ మార్కులు వారికే.

కాగితం వయసు తెలుసుకోవడానికి పెద్ద పుస్తకాలలో చాలా మార్గాలు చెబుతారు. నేను మాత్రం ముందు కాగితాన్నే చూస్తాను, బొమ్మను తరువాత. వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు దగ్గర దగ్గరగా సన్నని అడ్డగీతలు, వాటిని కోస్తూ ఎడంగా నిలువుగీతలు కనిపిస్తే అది తీగల జల్లెడ మీద తయారైన పాత పద్ధతి కాగితం. ఏ గీతా లేకుండా నున్నగా ఉంటే, నేసిన జాలి మీద తయారైనది. ఈ రెండవ రకం కాగితం జేమ్స్ వాట్‌మన్ మిల్లులో 1750ల నడిమి కాలంలో పుట్టి, శతాబ్దం చివరికి గాని విరివిగా వాడుకలోకి రాలేదు. కనుక ‘జిన్ లేన్’ నున్నని కాగితం మీద ఉంటే నేను మరో మాట లేకుండా ఆలస్యపు ప్రతి అంటాను. నీటిగుర్తులో (వెలుతురుకు ఎత్తి పడితే కాగితం లోపల కనబడే మిల్లు గుర్తులో) సంవత్సరం కనబడితే పని ఇంకా సులువు, ఎందుకంటే 1794 నాటి సుంకపు చట్టం తరువాత ఇంగ్లండు మిల్లులు కాగితంలోనే ఏడాదిని వేయసాగాయి. ఆ ఏడాదికి ముందు ఆ ప్రతి పుట్టి ఉండదు, తరువాత ఎప్పుడైనా పుట్టి ఉండవచ్చు. వెబ్‌సైటు బొమ్మలో ఇవి కనబడవని మీరు అంటారు. నిజమే. అప్పుడు గీతల అరుగుదలను చూడాలి. ‘జిన్ లేన్’లో కూలిన ఇంటి పై అంతస్తులో ఉరి వేసుకున్న మంగలిని వెతకండి, అతని చుట్టూ ఉన్న సన్నని నీడగీతలు తెగి, మాసి, తెల్లబారి ఉంటే రేకు అప్పటికే చాలాసార్లు యంత్రం కింద నలిగిందని అర్థం.

హోగార్త్ తరువాతి తరం ఇంగ్లిష్ వ్యంగ్యచిత్రకారుడు జేమ్స్ గిల్‌రే దగ్గర ఇంకా దగ్గరి దారి ఉంది: కాగితాన్ని తిప్పి చూడటం. ఆయన చిత్రాలను లండన్‌లోని సెయింట్ జేమ్స్ వీధి 27వ నంబరు దుకాణంలో హానా హంఫ్రీ ప్రచురించి, చేతితో రంగులు వేయించి అమ్మేది. 1805 ఫిబ్రవరి 26 తేదీ గల ‘ప్లమ్ పుడింగ్ ఇన్ డేంజర్’లో బ్రిటన్ ప్రధానమంత్రి పిట్, ఫ్రాన్సు చక్రవర్తి నెపోలియన్ భూగోళాన్ని పుడింగులా కోసి పంచుకుంటుంటారు, నెపోలియన్ కత్తి యూరపును కోస్తుంటే పిట్ అంతకంటె పెద్ద సముద్రపు ముక్కను తన పళ్లెంలోకి లాక్కుంటాడు. గిల్‌రే 1815లో మరణించిన చాలా కాలానికి, పంతొమ్మిదవ శతాబ్ది మధ్యలో హెన్రీ బోన్ అనే ప్రచురణకర్త ఆ పాత రేకులనే కొని, రంగులు లేకుండా, కాగితానికి రెండు వైపులా ముద్రించి సంపుటం వేశాడు. విదేశంలో ఒక పాత పుస్తకాల దుకాణంలో నేను కొన్న మొదటి గిల్‌రే వెనుక మరో గిల్‌రే కనిపించినప్పుడు, ఒకటి కొంటే ఒకటి ఉచితంగా వచ్చిందని ఇంటిదాకా పొంగిపోయాను. వెనుక బొమ్మ ఉందంటే అది బోన్ కాలపు కాగితమని ఆ తరువాత గాని తెలియలేదు.

ఇప్పుడు గోయా. 1799 ఫిబ్రవరిలో మాడ్రిడ్‌లోని ఒక అత్తరు దుకాణంలో అమ్మకానికి పెట్టిన ‘లాస్ కాప్రిచోస్’ ఎనభై చిత్రాలలో 37 నుంచి 42 దాకా గాడిదల రాజ్యం. 39వ చిత్రంలో ఒక పెద్దమనిషి గాడిద తన వంశవృక్షాన్ని మనకు చూపిస్తుంటే, అందులోనూ వరుసగా గాడిదలే ఉంటాయి. 40వ చిత్రంలో వైద్యుడైన గాడిద రోగి నాడి పట్టుకుని కూర్చుంటుంది. మన తిట్లలోనూ ఆ జంతువుకు ఇదే హోదా కనుక ఇక్కడ వివరణ అవసరం లేదు. చూడవలసినది వెనుకనున్న చీకటి. ఆ చీకటి గీతలతో వచ్చినది కాదు. రేకు మీద రాల (రెసిన్) పొడి చల్లి, వేడిచేసి అతికించి, గింజల సందుల్లో ఆమ్లం కొరికేటట్లు చేసిన అక్వాటింటు. ఆ గరుకుతనం గీతకంటె చాలా త్వరగా అరిగిపోతుంది. 1803లో గోయా రేకులను, అమ్ముడుపోని ప్రతులను రాజు నాలుగవ చార్లెస్‌కు అప్పగించాడు. వాటితో ప్రభుత్వ ముద్రణశాల 1937 దాకా మళ్ళీ మళ్ళీ ముద్రించింది. తొలి ముద్రణలో రాత్రిలా ఉన్న నేపథ్యం చివరి ముద్రణలలో మబ్బు పట్టిన పగటిలా మారడం వల్ల, అంధకారంలో కూర్చున్న అజ్ఞానం మీది ఎగతాళి బూడిదరంగు గోడ ముందు గాడిద బొమ్మగా మిగులుతుంది.

అభ్యాసం. ‘రేక్స్ ప్రోగ్రెస్’ ఎనిమిదవ చిత్రం ప్రతులు నాణెంతో ఒకటి, నాణెం లేకుండా ఒకటి, రెండు వేర్వేరు మ్యూజియాల సేకరణలలో వెతికి పట్టుకోండి. క్యురేటరు వ్యాఖ్యను చదవకుండా, చదవలేదని మీకు మీరే ఒట్టు పెట్టుకుని, నాణెం కాక ఇంకో పన్నెండు తేడాలను రాయండి. ప్రతి తేడా పక్కనా అది హోగార్త్ చేతి మార్పా, రేకు అరుగుదలా, సిరా తుడవడంలో తేడానా, ఫోటో తీసిన వెలుతురా అని ఒక మాటలో చెప్పండి. అయిదారు దగ్గర చాలామంది ఆగిపోతారు. అక్కడ ఆపకుండా, బొమ్మను ఆరు భాగాలుగా విడదీసి ఒక్కొక్క భాగాన్ని పది నిమిషాల పాటు చూడండి. ఒక ప్రతిలో ఆ ఇద్దరు సంపన్న స్త్రీలు కుడిఎడమలు మారి కనిపిస్తే, అది అసలు రేకు నుంచి వచ్చినది కాకపోవచ్చు: ఉన్న ముద్రాచిత్రాన్ని చూసి ఎవరైనా మరో రేకు మీద ఉన్నదున్నట్లు చెక్కితే ముద్రలో అది తిరగబడుతుంది. అటువంటి ప్రతిని పక్కన పెట్టి వేరేది వెతకండి, దాని చిరునామాను మాత్రం రాసి ఉంచండి, ఆరవ పాఠం దానితోనే మొదలవుతుంది.