పిల్లలతో రోమ్, ఏథెన్స్ బయలుదేరే ముందు

ముందు పాస్‌పోర్టులు తీసి చూడండి. షెంగెన్ దేశాల (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) నుంచి బయటికి వచ్చే రోజు తర్వాత కనీసం 3 నెలల గడువు, 2 ఖాళీ పేజీలు ఉండాలి. మన పిల్లల పాస్‌పోర్టుకు సాధారణంగా 5 ఏళ్లే గడువు. పెద్దవాళ్లవి చూసుకుని పిల్లలవి మరిచిపోతాం. ప్రయాణ బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు.

వేసవిలో వెళ్తుంటే ఎండను తేలిగ్గా తీసుకోకండి. ఎండలు ముదిరితే ఏథెన్స్‌లో కొండ మీది పురాతన కోట ఆక్రోపోలిస్‌ను మధ్యాహ్నం మూసేస్తుంటారు. పొద్దున్నే ఎక్కండి. అక్కడి పాలరాయి ఎందరో నడిచి నడిచి అద్దంలా నునుపెక్కింది, కాలు జారుతుంది. పిల్లలకు చెప్పులు వద్దు, అడుగున పట్టున్న బూట్లే వేయండి.

రోమ్‌లో ఖాళీ సీసా వెంట ఉంచుకోండి. వీధుల్లోని ఇనుప కుళాయిల్లో చల్లటి మంచినీళ్లు ఎప్పుడూ పారుతుంటాయి. గొట్టం కొనను వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు చిమ్ముతాయి, నోరు పెట్టి తాగవచ్చు. నాకు ఆ నగరంలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇటలీ ప్రాంతీయ రైళ్లకు కాగితం టికెట్ కొంటే, ఎక్కేముందు స్టేషన్‌లోని యంత్రంలో ముద్ర వేయించాలి. లేకపోతే జరిమానా.

రోమ్‌లో వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చికి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి.

స్పెయిన్‌లోని బార్సిలోనాకూ వెళ్తుంటే, అక్కడి సగ్రాడా ఫమీలియా చర్చి టికెట్లు ఇంటి నుంచే సమయంతో సహా తీసుకోండి. మెట్రోలో పర్సు ముందు జేబులో, సంచి పొట్టకు ఆనించి ఉంచుకోండి.

అత్యవసర నంబరు 112. హోటల్ చిరునామాతో పాటు చీటీ మీద రాసి పిల్లల జేబులో పెట్టండి.