మొదటి మాక్రో లెన్స్: ఫోటో ఎందుకు సరిగ్గా రావట్లేదు, ఏ లెన్స్ తీసుకోవాలి

చిన్న వస్తువులను దగ్గరగా, పెద్దగా తీసే మాక్రో లెన్స్ కొందామని విజయవాడ గవర్నర్‌పేటలో కొట్టు మెట్లెక్కేవాళ్లు ముందు అడిగేది కంపెనీ, ఆ తర్వాత ధర. వాటికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. మీరు తీయబోయేది ఎన్ని మిల్లీమీటర్లు ఉంటుంది? అది మిమ్మల్ని ఎంత దగ్గరికి రానిస్తుంది? కింద చెప్పిన ఇబ్బందుల్లో కొన్ని ఈ లెక్క చూసుకోకపోవడం వల్ల వచ్చేవి. మరికొన్ని వెలుతురు చాలక వచ్చేవి. ఆ రెండో రకానికి ఎంత ఖరీదైన లెన్స్ కొన్నా ఉపయోగం లేదు.

లెన్స్ మీద ‘మాక్రో’ అని ఉంది, అయినా పురుగు చుక్కంతే పడుతోంది

కారణం: ఆ మాటకు కొలత లేదు. 70-300 జూమ్‌ల మీద కూడా మాక్రో అని రాస్తారు, కానీ వాటిలో బాగా దగ్గరికి వెళ్లేవే 1:2 దగ్గర ఆగిపోతాయి. అసలైన మాక్రో అంటే 1:1. అంటే వస్తువు ఎంత ఉందో సెన్సర్ మీద కూడా అంతే పరిమాణంలో పడాలి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ (పాత ఫిల్మ్ ఫ్రేమంత పెద్దది) వెడల్పు 36 మి.మీ. కాబట్టి 1:1లో 36 మి.మీ. వస్తువు ఫ్రేమ్ మొత్తం నిండుతుంది. 1:2లో అలా నిండాలంటే అది 72 మి.మీ. ఉండాలి.

పరిష్కారం: తీసేదాన్ని స్కేలు పెట్టి కొలవండి. పెళ్లిళ్లలో మెట్టెలు, ఉంగరాలు, తాళిబొట్టు తీయడానికి 1:2 సరిపోతుంది. కెనాన్ ఆర్‌ఎఫ్ 85 ఎఫ్/2 లాంటిది తీసుకుంటే పెళ్లికూతురి ముఖానికీ అదే పనికొస్తుంది. కుండీలోని కరివేపాకు మీద గుడ్లు పెట్టడానికి వచ్చే నిమ్మ సీతాకోకచిలుక రెక్కలు విప్పితే 8 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటుంది, దానికి 1:1 అవసరమే రాదు. చీమ కన్ను, సాలీడు ముఖం కావాలంటే మాత్రం 1:1కి తగ్గొద్దు.

గుంటూరు వైపు మిరప రైతుల పిల్లలు చాలామంది తామర పురుగు ఫోటో కోసమే ఈ లెన్స్ గురించి అడుగుతుంటారు. 2021లో మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) ఉన్న కెమెరా బాడీ మీద 1:1లో తీస్తే అది దాదాపు 250 పిక్సెళ్ల పొడవు పడుతుంది. అదే 24 మెగాపిక్సెళ్లున్న ఫుల్ ఫ్రేమ్‌లో 170 కూడా రావు. ఈ పనికి మీ దగ్గరున్న మామూలు క్రాప్ బాడీయే మేలు. బాడీ మార్చడానికి దాచిన డబ్బు లెన్స్‌కీ ఫ్లాష్‌కీ పెట్టండి. పురుగు కాళ్లు, రెక్కల అంచు కుచ్చులు కనబడాలంటే రెండింతలు కావాలి. 100 మి.మీ. మాక్రో ముందు రేనాక్స్ డీసీఆర్-250 అనే అదనపు క్లోజప్ అద్దం తగిలిస్తే దాదాపు అంత వస్తుంది. లేదంటే 2:1 వరకు వెళ్లే లావా 100 ఉంది. ఆకు పైకి ముడుచుకుందా, కిందికి ముడుచుకుందా చూపించడమే అవసరమైతే ఇదంతా అక్కర్లేదు. పై ముడత తామర పురుగుది, కింది ముడత నల్లిది. అది ఫోన్‌లోనూ తెలుస్తుంది.

దగ్గరికి వెళ్లేలోపు తూనీగ ఎగిరిపోతోంది, లేదా లెన్స్ నీడ పడుతోంది

కారణం: ఫోకల్ లెంగ్త్ (లెన్స్ పేరులో ఉండే మి.మీ. అంకె) తక్కువ. 40 అయినా 100 అయినా 1:1 అంటే ఒకే పెద్దతనం, మారేది దూరమే. పైగా పెట్టె మీద రాసే కనీస ఫోకస్ దూరాన్ని సెన్సర్ నుంచి కొలుస్తారు, లెన్స్ మూతి నుంచి కాదు. నికాన్ డీఎక్స్ 40 మి.మీ. మైక్రోకి (డీఎక్స్ అంటే నికాన్ క్రాప్ సెన్సర్, నికాన్ వాళ్లు మాక్రోని మైక్రో అంటారు) ఆ దూరం 16.3 సెం.మీ. అందులో కెమెరా మందం, లెన్స్ పొడవు తీసేస్తే 1:1 దగ్గర మీకు మిగిలేది రెండు మూడు వేళ్ల వెడల్పు. కెనాన్ 60లో సుమారు 9 సెం.మీ., కెనాన్ 100లో 13 నుంచి 15 సెం.మీ. మిగులుతుంది.

పరిష్కారం: ప్రాణమున్న వాటిని తీయాలనుకుంటే మొదటి లెన్స్ 90 నుంచి 105 మధ్య ఉండాలి. ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దని గట్టిగా చెబుతాను. టామ్రాన్ 90, కెనాన్ 100, నికాన్ 105, సోనీ 90, వీటిలో ఏదైనా దశాబ్దం పాటు పనికొస్తుంది. 40, 60 చెడ్డవి కావు. నగలు, నాణేలు, స్టాంపులు, బల్ల మీద పెట్టి తీసే వంటకాలు, వీటికి అవే హాయి, చవక కూడా. 150, 180 మొదటి లెన్స్‌గా బరువు.

ఇంకో మాట. కృష్ణ కరకట్ట మీదైనా, ఉండవల్లి పొలాల్లోనైనా డిసెంబర్, జనవరి నెలల్లో సూర్యోదయం వేళకే చేరుకోండి. ఒళ్లు వేడెక్కని పురుగు త్వరగా ఎగరలేదు. ఎనిమిదింటికి వెళ్తే 105 చేతిలో ఉన్నా వెంటపడి పరుగెత్తాల్సిందే.

కన్ను పదునుగా ఉంటే కాలు మసక, లేదంటే అంతా మసకే

ఎక్కువమంది ఇక్కడే నిరాశపడి లెన్స్ అమ్మేస్తారు. కారణాలు రెండు కలిసి ఉంటాయి. ఒకటి, 1:1 దగ్గర ఫోకస్‌లో ఉండే మందం చాలా తక్కువ. ఎఫ్ అంకె ఎపర్చర్‌ది, అంటే లెన్స్ లోపలి రంధ్రానిది; అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్/2.8 దగ్గర మిల్లీమీటరులో మూడో వంతు, ఎఫ్/11 దగ్గర 1.3 మి.మీ. అంతే. రెండోది, ఆ ఎఫ్/11 పెట్టగానే వెలుతురు చాలక షట్టర్ నెమ్మదిస్తుంది, చెయ్యి కదిలింది కనిపిస్తుంది. చెయ్యి వణుకును సర్దే స్టెబిలైజేషన్ ఉంది కదా అనుకోవద్దు. కెనాన్ 100 ఎల్ లెన్స్‌లో మామూలు దూరంలో నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపుకు షట్టర్ సమయం రెట్టింపు) కాపాడేది 1:1 దగ్గర రెండు స్టాపులే కాపాడుతుంది. గాలికి ఊగే ఆకునైతే ఏ స్టెబిలైజరూ ఆపలేదు.

పరిష్కారం ఫ్లాష్. మాన్యువల్‌లో ఎఫ్/11, షట్టర్ 1/200 సెకను, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 200 పెట్టి, ఫ్లాష్ ముందు తెల్లటి పల్చటి ప్లాస్టిక్ షీటో బటర్ పేపరో కట్టండి. వెలుతురంతా ఫ్లాష్‌దే అయినప్పుడు అది వెలిగే ఆ క్షణమే ఫోటోలో పడుతుంది, అందుకే కదలిక ఆగిపోతుంది. నేరుగా పడే ఎండలో నల్లటి నీడల మధ్య తీసినదానికీ, ఇలా మెత్తటి వెలుతురులో తీసినదానికీ ఉన్న తేడా చూస్తే ఇక లెన్స్ మీద అనుమానం ఉండదు. ఊగే పుల్లను నేలలో గుచ్చిన కర్రకు బట్టల క్లిప్పుతో పట్టించండి. కెమెరాను పురుగు ఒంటికి సమాంతరంగా పట్టుకుంటే ఆ 1.3 మి.మీ. లోనే తల నుంచి తోక దాకా చాలావరకు వస్తుంది.

అంతా పదునుగా రావాలని ఎఫ్/22కి వెళ్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం అంచుల దగ్గర వెలుతురు చెదరడం) వల్ల ఫోటో మొత్తం మెత్తబడుతుంది. ఎఫ్/8, ఎఫ్/11 మధ్య ఉండండి.

ఎఫ్/2.8 లెన్స్ కొంటే కెమెరా 4.8 చూపిస్తోంది

లెన్స్ బాగానే ఉంది. దగ్గరికి ఫోకస్ చేసేకొద్దీ సెన్సర్‌కు చేరే వెలుతురు తగ్గుతుంది. నికాన్ బాడీలు ఆ తగ్గిన వెలుతురుకు సరిపడే ఎఫ్ అంకెను చూపిస్తాయి, కెనాన్ బాడీలు చూపించవు. అంతే తేడా.

ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంది

లెన్స్ మీద ఫోకస్ లిమిటర్ స్విచ్ (ఫోకస్ వెతికే దూరాన్ని కుదించేది) ఉంటే దగ్గర దూరానికి మార్చండి. 1:1 దగ్గరైతే మాన్యువల్‌కి మార్చి, రింగు కదపకుండా మీరే ఒళ్లు కొద్దిగా ముందుకీ వెనక్కీ ఊగుతూ కన్ను పదునైన క్షణంలో నొక్కండి.

బడ్జెట్ సరిపోవట్లేదు

చేతిలో 50 మి.మీ. లెన్స్ ఉంటే ఎక్స్‌టెన్షన్ ట్యూబులతో (లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టే బోలు గొట్టాలు) మొదలుపెట్టవచ్చు. ట్యూబు పొడవును ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎంత పెరుగుతుందో తెలుస్తుంది: 1:1ని 1 అనుకుంటే, 36 మి.మీ. ట్యూబు 50 మీద 0.72 కలుపుతుంది. కెమెరా, లెన్స్ మాట్లాడుకునే లోహపు కాంటాక్టులు ఉన్నవే తీసుకోండి. లేని చవక రకంలో కెనాన్ ఈఎఫ్ లెన్స్‌ల ఎపర్చర్ పూర్తిగా తెరిచే ఉండిపోతుంది, ఎఫ్/11 పెట్టే వీలుండదు.

సెకండ్ హ్యాండ్ మాక్రో నేనైతే ధైర్యంగా సిఫారసు చేస్తాను, ఒక్క ఫంగస్ తప్ప. మన తేమకు బీరువాలో ఏళ్ల తరబడి పడున్న లెన్స్‌లో సాలెగూడు పోగుల్లాంటి గీతలు పెరుగుతాయి. రెండు మూతలూ తీసి, ఎపర్చర్ తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి లోపలి అద్దాలను ఏటవాలుగా చూడండి. ఒక్క పోగు కనబడినా వదిలేయండి. డీ3500, డీ5600 లాంటి నికాన్ బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు, కాబట్టి బాడీ మోటార్‌తోనే తిరిగే పాత ఏఎఫ్-డీ మైక్రో లెన్స్‌లు వాటి మీద ఆటోఫోకస్ చేయవు. చేత్తో ఫోకస్ చేయడానికి మీరు సిద్ధమైతే, ఆ ఒక్క కారణంగా ధర తగ్గించి అమ్మేవే తీసుకోదగ్గవి.