మూడో పిస్టన్ ఎందుకు విరిగింది

ఇంజిన్ బలం పెంచే నైట్రస్ ఆక్సైడ్ వాయువు కిట్ బిగించిన మూడో వారమే నా పాత కారు నీలి పొగ వదలడం మొదలుపెట్టింది. హనుమకొండలో ఇంజిన్ విప్పిస్తే, మూడో పిస్టన్‌లో పై రింగు కూర్చునే గట్టు గోరంత ముక్క ఎగిరిపోయి ఉంది. పిస్టన్ తల ఇసుక కొట్టినట్టు గరుకుగా తగిలింది. “తమ్ముడూ, ఇది డిటోనేషన్ పని, మంట అదుపు తప్పి ఒక్కసారిగా పేలడం. పోత పిస్టన్ తట్టుకోదు,” అన్నాడు మేస్త్రీ.

నైట్రస్ వాయువు ఇంజిన్ సిలిండర్‌లోని వేడికి విడిపోయి అదనపు ఆక్సిజన్ ఇస్తుంది. తగినంత పెట్రోలు అందకపోతే ఆ వేడి పిస్టన్‌నే కాలుస్తుంది. పోతకు బదులు ఒత్తిడితో అచ్చుకొట్టి చేసే ఫోర్జ్‌డ్ పిస్టన్లే వేయాలనుకున్నాక 4032, 2618 అనే రెండు అల్యూమినియం మిశ్రమాల మధ్య ఊగాను. 4032లో సిలికాన్ ఎక్కువ, వ్యాకోచం తక్కువ, చప్పుడూ తక్కువే. 2618 అంత పెళుసు కాదు, దెబ్బకు ఓర్చుకుంటుంది. కానీ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది, సిలిండర్ గోడకు ఎక్కువ ఖాళీ వదలాలి కనుక చల్లని ఇంజిన్ టకటకలాడుతుంది. రెండోదే తీసుకున్నాను. డిసెంబరు పొద్దున వీధిలో వాళ్ళు కిటికీలు తెరిచి చూస్తారు, చూడనీ.

మేస్త్రీకి చెప్పని తప్పు ఒకటి నాదే. 75 మి.మీ. బోరుకు (సిలిండర్ లోపలి వ్యాసం) మామూలు ఇంజిన్ లెక్కన రింగు గ్యాప్, అంటే రింగు రెండు కొసల మధ్య ఖాళీ, 0.30 మి.మీ. ఉంచాను. వేడికి సాగిన రింగు కొసలు ఒకదానికొకటి ఒరుసుకున్నాయి. అవి అద్దంలా మెరుస్తున్నాయి. ఈసారి కొసలు అరగదీసి, సన్నని రేకులతో ఖాళీ కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూస్తూ 0.45కు తెచ్చాను. స్పార్క్ ప్లగ్గులు ఒక మెట్టు చల్లని రకం, నైట్రస్ వాడేటప్పుడు స్పార్క్ టైమింగ్ కాస్త వెనక్కి, అంటే ఆలస్యంగా. ఇప్పుడు పొగ లేదు.