డాకర్ ఇమేజ్ బిల్డ్ ఆగిపోతే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ప్రోగ్రామ్‌ను, దానికి కావలసినవాటిని ఒకే మూటగా కట్టి నడిపే సాధనం డాకర్. ఆ మూటే ఇమేజ్, దాన్ని తయారుచేసే సూచనల ఫైలే డాకర్‌ఫైల్. సోర్స్ కోడ్ నుంచి కమాండ్ లైన్‌లో ఇమేజ్ తయారుచేస్తుండగా బిల్డ్ ఆగిపోతే, చాలామంది చివరి పంక్తి ఒక్కటి చూసి డాకర్‌ఫైల్‌ను మార్చడం మొదలుపెడతారు. ఆదేశం విఫలమైందన్న సంగతే ఆ పంక్తిలో ఉంటుంది. అసలు కారణం దానికి పైన ఎక్కడో ఉంటుంది. 2023లో వచ్చిన డాకర్ ఇంజిన్ 23.0 నుంచి లినక్స్‌లో డిఫాల్ట్ అయిన బిల్డ్‌కిట్ అనే బిల్డ్ యంత్రాంగం, అవుట్‌పుట్‌ను కుదించి చూపుతుంది కాబట్టి, ముందు ప్రోగ్రెస్ ఆప్షన్‌కు ప్లెయిన్ అనే విలువ ఇచ్చి బిల్డ్‌ను మళ్ళీ నడపండి. ఎగ్జిట్ కోడ్ 137 కనిపిస్తే సాధారణంగా మెమరీ చాలలేదని అర్థం.

కళ్ళెదుట ఉన్న ఫైల్ కాపీకి దొరకడం లేదు

బిల్డ్ ఆదేశం చివర పెట్టే చుక్కకు "ఇప్పుడున్న ఫోల్డర్" అని అర్థం. బిల్డ్ కాంటెక్స్ట్ అదే. కాపీ సూచనలో రాసే దారులు ఆ ఫోల్డర్ నుంచి మొదలవుతాయే గానీ డాకర్‌ఫైల్ ఉన్న చోటు నుంచి కాదు. రెండు చుక్కలు పెట్టి పై ఫోల్డర్‌లోకి వెళ్ళబోయినా కాంటెక్స్ట్ దాటడం కుదరదు. ప్రాజెక్ట్ మూల ఫోల్డర్ నుంచి బిల్డ్ నడిపి, డాకర్‌ఫైల్ దారిని ఎఫ్ ఆప్షన్‌తో విడిగా ఇవ్వండి. అప్పటికీ దొరకకపోతే, ఆ ఫైల్ పేరు డాకర్‌ఇగ్నోర్‌లో (కాంటెక్స్ట్‌లో చేర్చకూడని ఫైళ్ళ జాబితాలో) ఉందేమో చూడండి.

కోడ్‌లో ఒక్క అక్షరం మార్చినా లైబ్రరీలన్నీ మళ్ళీ దిగుతున్నాయి

ఒక దశ మారితే దాని కింది దశలకు క్యాష్ (ముందటి బిల్డ్ నుంచి దాచుకున్న ఫలితం) పనిచేయదు. కోడంతా కాపీ చేసిన తర్వాత, పైథాన్ లైబ్రరీలను దించే పిప్ ఇన్‌స్టాల్ రాస్తే, ఎక్కడ ఏ చిన్న మార్పు చేసినా ఇన్‌స్టాల్ మొదటికొస్తుంది. రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌ను మాత్రమే ముందు కాపీ చేసి, ఇన్‌స్టాల్ పూర్తిచేసి, మిగిలిన కోడ్‌ను ఆ తర్వాత తెచ్చుకోండి. దీనికి ఎదురు సమస్య కూడా ఉంది: ప్యాకేజీల జాబితాను తాజా చేసే ఆప్ట్-గెట్ అప్‌డేట్‌ను ఒక రన్ సూచనలో, ఇన్‌స్టాల్‌ను మరో రన్‌లో రాస్తే, నెలల నాటి ప్యాకేజీ జాబితా క్యాష్ నుంచి వచ్చి 404 (దొరకలేదు) దోషం ఇవ్వవచ్చు. రెండింటినీ ఒకే రన్‌లో కలపాలి. నో-క్యాష్ ఆప్షన్‌తో ఆ పూటకు గడుస్తుంది, అంతే.

బిల్డ్ పూర్తయింది, కంటైనర్ మాత్రం లేవడం లేదు

కంటైనర్ అంటే ఇమేజ్ నుంచి నడిచే ప్రోగ్రామ్. అది మొదలవగానే నడిచే ఎంట్రీపాయింట్ స్క్రిప్ట్ ఇమేజ్‌లో ఉన్నా "అలాంటి ఫైల్ లేదు" అన్న దోషం వస్తే, ఆ స్క్రిప్ట్‌ను విండోస్‌లో సేవ్ చేశారేమో చూడండి. విండోస్ ప్రతి పంక్తి చివరా క్యారేజ్ రిటర్న్ అనే కనబడని అక్షరాన్ని అదనంగా చేరుస్తుంది. మొదటి పంక్తిలోని షెల్ పేరుకు అది అతుక్కోవడంతో, లినక్స్ ఆ అక్షరంతో సహా పేరును వెతికి, లేదని చెబుతుంది. లేనిది స్క్రిప్ట్ కాదు, ఆ పేరుగల షెల్. ఎడిటర్‌లో పంక్తి ముగింపును లినక్స్ పద్ధతి అయిన ఎల్ఎఫ్‌కు మార్చి, గిట్ సెట్టింగుల ఫైల్ అయిన గిట్‌ఆట్రిబ్యూట్స్‌లో షెల్ స్క్రిప్టులన్నిటికీ అదే నియమం రాయండి. లేకుంటే మరొకరు క్లోన్ చేసినప్పుడు ఇదే సమస్య మళ్ళీ వస్తుంది.

"ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" వస్తే ప్రాసెసర్ తేడాను అనుమానించాలి. ఎం1 మ్యాక్‌లో కట్టిన ఇమేజ్ మామూలుగా ఆర్మ్64 రకం ప్రాసెసర్‌కు తయారవుతుంది. సర్వర్ ఏఎండీ64 అయితే ప్లాట్‌ఫారమ్ ఆప్షన్‌లో దాన్ని పేర్కొని బిల్డ్ చేయండి. ఒక ప్రాసెసర్‌ను మరోదానిపై అనుకరించడం (ఎమ్యులేషన్) వల్ల బిల్డ్ నెమ్మదిస్తుంది.

డిస్క్ నిండిందంటే, డాకర్ సిస్టమ్ డీఎఫ్‌తో లెక్క చూసి, డాకర్ బిల్డర్ ప్రూన్‌తో పాత క్యాష్‌ను తొలగించండి.

తీసేసిన ఫైల్ ఇమేజ్‌లోనే మిగిలింది

ఒక రన్‌లో తెచ్చినదాన్ని తర్వాతి రన్‌లో తొలగించినా, ఒక్కో రన్ ఇమేజ్‌లో ఒక్కో పొర (లేయర్) అవుతుంది కాబట్టి, పై లేయర్ దాన్ని కప్పుతుందే తప్ప కింది లేయర్ నుంచి అది పోదు. అందుకే ఇమేజ్ సైజు తగ్గదు. అంతకంటే తీవ్రమైన విషయం, ఆ ఫైల్ రహస్య కీ అయితే ఇమేజ్ చేతికందిన ఎవరైనా దాన్ని బయటకు తీయగలరు. కీలను కాపీ ద్వారా గానీ ఆర్గ్ (బిల్డ్ సమయంలో ఇచ్చే విలువ) ద్వారా గానీ ఇవ్వకుండా, ఇమేజ్‌లో మిగలని బిల్డ్‌కిట్ సీక్రెట్ మౌంట్ ద్వారానే అందించండి. ఇమేజ్ ఇప్పటికే రిజిస్ట్రీకి (ఇమేజ్‌లను దాచి పంచే సర్వర్‌కు) చేరి ఉంటే ముందు ఆ కీని రద్దు చేయించండి. డాకర్‌ఫైల్‌ను సరిదిద్దడం ఆ తర్వాతి పని.