శివరాత్రి జాగారం: ఇరవైలో ఒకలా, అరవైలో ఒకలా

ఇరవై ఏళ్ల వయసులో ఒంట్లోని నిద్ర గడియారం ఆలస్యంగా నడుస్తుంది. అర్ధరాత్రి దాకా నిద్ర రాదు కదా అని కుర్రాళ్లు పగలు పడుకోకుండానే జాగారానికి కూర్చుంటారు, తీరా తెల్లవారుజామున 3, 5 గంటల మధ్య తూలిపోతారు. మధ్యాహ్నం గంటన్నర పడుకుంటే ఆ గండం చాలావరకు తప్పుతుంది.

నలభై దాటాక అసలు కష్టం మర్నాడు. పగలు పడుకున్నా నిద్ర మధ్యమధ్యలో తెగిపోతుంది. ఇరానీ చాయ్ రాత్రి 1 లోపే ఆపండి. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది.

అరవై పైబడితే ఒళ్లు తొందరగా పడక కోరుతుంది. వీళ్లు లింగోద్భవ కాలం (అర్ధరాత్రి వేళ) వరకు మేలుకుంటే చాలు, మొండికేయొద్దు. షుగర్ ఉన్నవాళ్లు ఉపవాసానికి ముందే మందుల మోతాదు గురించి డాక్టర్‌ని అడగాలి. తిండి మానేసి ఇన్సులిన్ మామూలుగా తీసుకుంటే షుగర్ పడిపోతుంది. ఆ నీరసాన్ని, తికమకను ఇంట్లోవాళ్లు నిద్రమత్తు అనుకుంటారు. చెమట, వణుకు కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి, పావుగంటకు మళ్లీ షుగర్ చూడండి.

కీసరగుట్ట లాంటి శివాలయాల నుంచి తెల్లవారుజామున ఏ వయసువాళ్లూ బండి నడపొద్దు. 17 గంటలు దాటి మేలుకున్నవాళ్ల చురుకుదనం మందు తాగినవాళ్లలాగే తగ్గుతుంది.