ర్యామ్ స్టిక్‌ల లైన్‌లో స్టాటిక్: రిస్ట్ స్ట్రాప్ ఒక్కటే చాలదు

రేణిగుంట ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో గానీ శ్రీసిటీలో గానీ మెమరీ మాడ్యూళ్ల (ర్యామ్ స్టిక్‌ల) లైన్ చూసుకునేవాళ్లు రెండింటిని విడివిడిగా పట్టించుకోవాలి: మనిషి ఒంటి మీద స్టాటిక్ చార్జి (నిలిచి ఉండే విద్యుత్తు), మాడ్యూల్ బోర్డు మీద పేరుకునే చార్జి. రిస్ట్ స్ట్రాప్ (ఒంటి చార్జిని వైరు ద్వారా ఎర్త్‌లోకి దించే మణికట్టు పట్టీ) మొదటిదానికే మందు. చేతికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3000 ఓల్టులు కావాలి. చిప్ పోవడానికి కొన్ని వందలు చాలు, కొన్నిటికి అంతకంటే తక్కువే.

ముందు మనిషి సంగతి. షిఫ్టులోకి వచ్చే ప్రతిఒక్కరూ టెస్టర్ మీద స్ట్రాప్ చూపించాలి, మొత్తం నిరోధం 35 మెగాఓమ్‌ల లోపు ఉండాలి. వైరులో ఉండే 1 మెగాఓమ్ రెసిస్టర్ షాక్ కొట్టకుండా కాపాడేది, దాన్ని తీసేయకండి. తిరుమలలో కట్టించుకున్న దారం మీదో, కోటు చేతి మీదో స్ట్రాప్ బిగిస్తే ఫెయిల్ అవుతుంది, చర్మానికే తగలాలి. చర్మం పొడిబారి ఉంటే ఈఎస్‌డీ (స్టాటిక్ డిశ్చార్జి) లోషన్ రాయండి. వైరు ఎక్కువగా తెగేది బటన్ దగ్గరి మెలికలో, కాబట్టి టెస్ట్ చేసేటప్పుడు అక్కడ కాస్త కదిలించి చూడండి. చున్నీ, చీర కొంగు కోటు లోపలే ఉండాలి.

ఎర్త్ విషయంలో ఒక పొరపాటు తరచూ కనిపిస్తుంది: ఈఎస్‌డీ మ్యాట్లకని (చార్జిని ఎర్త్‌లోకి దించే పరుపులు) విడిగా ఎర్త్ పిట్ తవ్వి, మెషిన్ల ఎర్త్‌తో కలపకుండా వదిలేయడం. ఎండాకాలం మన నేల ఎండిపోతే పిట్ నిరోధం పెరుగుతుంది, రెండు ఎర్త్‌ల మధ్య ఓల్టేజీ తేడా వస్తుంది. రెండిటినీ కలిపేయండి. ఒక మ్యాట్ నుంచి ఇంకో మ్యాట్‌కు గొలుసులా వైరు లాగకుండా, ప్రతిదాన్నీ విడిగా కామన్ పాయింట్‌కు కలపండి.

అసలు నష్టం స్టిక్కర్ టేబుల్ దగ్గర. వెనక కాగితం నుంచి స్టిక్కర్‌ను చర్రున లాగితే దానికి వేల ఓల్టులు ఎక్కొచ్చు. అది ప్లాస్టిక్, ఆపరేటర్ స్ట్రాప్ ద్వారా ఆ చార్జి దిగదు. చిప్‌ల మీద అతికించి అలాగే టెస్ట్ సాకెట్‌లో గుచ్చితే, బంగారు పూత కాంటాక్టులు సాకెట్ లోహానికి తగలబోతుండగానే నానోసెకన్లలో డిశ్చార్జి జరిగిపోతుంది. విడి చిప్ తట్టుకున్న ఓల్టేజీకే బోర్డు మీది చిప్ చావచ్చు, ఎందుకంటే బోర్డు ఎక్కువ చార్జి పట్టుకుంటుంది. కొన్ని వెంటనే ఫెయిలవుతాయి. కొన్ని టెస్ట్ పాసై కస్టమర్ దగ్గర పోతాయి, అదే పెద్ద తలనొప్పి.

అందుకని స్టిక్కర్ ఒలిచే చోటికే అయనైజర్ (ప్లస్, మైనస్ అయాన్లను ఊది చార్జిని పోగొట్టే పరికరం) గాలి తగలాలి, తలకు కాదు. నెమ్మదిగా ఒలవండి, అతికించాక కొన్ని సెకన్లు ఆ గాలిలోనే ఉంచి, అప్పుడు సాకెట్‌కు పంపండి. అయనైజర్ సూదులకు దుమ్ము పడితే ప్లస్, మైనస్ అయాన్ల తూకం తప్పి అయనైజరే చార్జి ఎక్కిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అయాన్ల తూకం కొలిచే చార్జ్ ప్లేట్ మానిటర్‌తో ఆఫ్‌సెట్ (తూకం తప్పితే మిగిలే ఓల్టేజీ) ప్లస్ ఆర్ మైనస్ 35 ఓల్టుల లోపుందో చూడండి. ఫీల్డ్ మీటర్‌లో 2000 ఓల్టులు దాటి చూపే టేపు రోలు, నీళ్ల బాటిల్, ఫైల్ కవర్ లాంటివి మాడ్యూల్‌కు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి.

గదిలో తేమ 40 నుంచి 60 శాతం ఉండాలి. బయట మే నెల ఎండ మండుతుంటే లోపల ఏసీ గాలిని పొడిగా చేసి చార్జి పెంచుతుంది. అలాగని 60 దాటించకండి. చిప్‌లు తేమ పీల్చి రీఫ్లోలో (సోల్డర్ కరిగించే వేడిలో) పగులుతాయి.

ప్యాకింగ్‌లో గులాబీ రంగు కవరును నమ్ముకోకండి. అది తాను చార్జి పుట్టించదంతే, బయటి డిశ్చార్జిని ఆపలేదు. వెండిరంగు షీల్డింగ్ కవరు కావాలి, దానికీ స్టేప్లర్ పిన్ను కొట్టకూడదు.