మేబెల్ నార్మండ్ మూకీలు: ఏ వేగంతో చూడాలి, ఏ వరుసలో చూడాలి

ముందు వేగం సరిచేసుకోండి. అమెరికా మూకీ హాస్యానికి తొలి పెద్ద నటి మేబెల్ నార్మండ్. ఆమె నటనంతా కళ్లలో, పెదవి విరుపులో ఉంటుంది. బొమ్మ గబగబా పరుగెత్తితే అదేదీ కనబడదు.

ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు సుమారు 16 నుంచి 18 ఫ్రేములు (విడి బొమ్మలు) పడేవి. 35 ఎం.ఎం. ఫిల్మ్ వెయ్యి అడుగుల రీలులో 16,000 ఫ్రేములుంటాయి. 16 చొప్పున ఆడిస్తే 16 నిమిషాల 40 సెకన్లు వస్తుంది, 24 చొప్పున అయితే 11 నిమిషాలకే అయిపోతుంది. నిడివి ఒక్కటే చూసి తేల్చేయకండి, ముక్కలు పోయిన కాపీలూ చాలా ఉన్నాయి. ఎవరైనా మామూలుగా నడిచే చోట, కుర్చీలో కూర్చునే చోట చూడండి. కుదుపుగా ఉంటే యూట్యూబ్‌లో వేగం 0.75కి తగ్గించండి. సంగీతం సాగిపోతుంది కాబట్టి శబ్దం ఆపేయండి. వెంటపడి తరిమే సీన్లు మాత్రం ఆమె పనిచేసిన కీస్టోన్ స్టూడియో వాళ్లు కావాలనే వేగంగా తీశారు, వాటిని నెమ్మది చేస్తే హాస్యం చస్తుంది.

ఇక వరుస. మొదట 1914 నాటి 'మేబెల్స్ బ్లండర్'. రచన, దర్శకత్వం, నటన మూడూ ఆమెవే. ప్రియుణ్ణి అనుమానించి డ్రైవరు వేషం వేస్తుంది. ఆ తర్వాత అదే ఏడాది ఫిబ్రవరి 9న విడుదలైన 'మేబెల్స్ స్ట్రేంజ్ ప్రెడికమెంట్'. చాప్లిన్ తన ట్రాంప్ (దేశదిమ్మరి) వేషం కట్టి తొలిసారి కెమెరా ముందుకొచ్చింది ఇందులోనే. అదే వేషంతో వేరే చిత్రం రెండు రోజుల ముందు విడుదలవడంతో చాలామంది దాన్నే మొదటిదనుకుంటారు. మూడోది 'టిల్లీస్ పంక్చర్డ్ రొమాన్స్', ఆరు రీళ్లది. నాలుగోది హాస్యనటుడు ఆర్‌బకుల్‌తో 1916లో చేసిన 'ఫ్యాటీ అండ్ మేబెల్ అడ్రిఫ్ట్'. 'మికీ' విడుదల 1918 అయినా షూటింగ్ 1916లోనే మొదలైంది, కాబట్టి ఐదోదిగా పెట్టుకోండి.

కీస్టోన్ చిత్రాల్లో చాలావాటిని తర్వాత పేర్లు మార్చి, టైటిల్ కార్డులు (మధ్యమధ్య మాటలు రాసి చూపే అట్టలు) తిరగరాసి మళ్లీ విడుదల చేశారు. అందుకే కార్డుల మీది మాటల్ని నమ్మి కథ చెప్పకండి. రెండు కాపీలు దొరికితే పక్కపక్కన పెట్టి పోల్చండి.

ఆమె జీవితాన్ని 1922లో జరిగిన ఆమె స్నేహితుడు, దర్శకుడు టేలర్ హత్యతో మొదలుపెట్టేవారు ఎక్కువ. ఆమెపై ఏ నేరమూ మోపలేదు, అయినా పేరు మాత్రం దెబ్బతింది. 1930 ఫిబ్రవరి 23న క్షయతో పోయింది. ముందు చిత్రాలు చూడండి, ఆ గొడవ తర్వాత చదువుకోవచ్చు.

ఆఖరున 'ది ఎక్స్‌ట్రా గర్ల్' (1923). తాడు పట్టుకుని సింహాన్ని స్టూడియో అంతా తిప్పుతుంది, వేషం వేసిన కుక్క అనుకుని. ఆ సీను రెండుసార్లు చూడండి: ఒకసారి సింహాన్ని, ఇంకోసారి తాడు పట్టుకున్న ఆమె ముఖాన్ని.